ముందు పిట్టను చూడండి, తర్వాత సూది పట్టండి

ఒకసారి మీ బీరువా తెరిచి చూడండి. పట్టుచీర అంచున అన్నపక్షులు, జాకెట్టు వీపున మగ్గం వర్కు నెమళ్లు, దిండు గలీబు మీద అమ్మ ఎప్పుడో కుట్టిన జంట చిలుకలు. ఇంటి నిండా పిట్టలే. వాటిలో మనం కళ్లారా చూసి, మన చేత్తో కుట్టుకున్నది ఒక్కటైనా ఉందా? చాలా ఇళ్లలో లేదనే జవాబు వస్తుంది. ఆ జవాబు మార్చుకుందాం రండి.

మనసు బాగుండటం లేదు, ఏదైనా కొత్తగా నేర్చుకోవాలనుంది అని అడిగేవారికి నేనిచ్చే సలహా ఒక్కటే. మీ ఇంటి చుట్టుపక్కల తిరిగే ఒక పిట్టను ఎంచుకోండి. వారం రోజులు దాన్ని చూడండి. ఆ తర్వాత దాన్ని గుడ్డ మీద కుట్టండి. దిగులుగా ఉన్నప్పుడు మన ఆలోచనలన్నీ మన చుట్టూనే తిరుగుతాయి. పిట్టను చూడటం మనల్ని మననుంచి బయటికి లాగుతుంది. సూది మనల్ని ఒకచోట కూర్చోబెడుతుంది. ఈ రెండూ కలిస్తే వచ్చే హాయి వేరు. విడివిడిగా దేనివల్లా అంత రాదు.

పైగా సూది పట్టుకుంటే రెండు చేతులకూ పని. ఒకటి గుడ్డకు, ఒకటి సూదికి. ఇక ఫోను పట్టుకోవడానికి చెయ్యెక్కడిది? ఫోను తగ్గించాలని ఒట్లు పెట్టుకుని ఓడిపోతున్న వారికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.

హంగరీ మూలాలున్న అమెరికన్ మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1990లో 'ఫ్లో' అనే పుస్తకం రాశాడు. మనిషి ఒళ్లు మరిచి పనిలో మునిగిపోవాలంటే ఆ పని మరీ తేలికగా ఉండకూడదు, మరీ కష్టంగానూ ఉండకూడదు, చేస్తున్నది సరిగా ఉందో లేదో వెంటవెంటనే తెలుస్తుండాలి అని ఆయన పరిశోధనల్లో తేలింది. సూది పనిలో ఈ మూడూ ఉన్నాయి. వంకరపోయిన కుట్టు వంకరపోయిన క్షణానే కనిపిస్తుంది. ఎవరి మెప్పు కోసమో సాయంత్రం దాకా ఎదురుచూడనక్కర్లేదు. ఊలు అల్లేవారు 3,545 మందిని ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం 2013లో బ్రిటన్‌లోని ఆక్యుపేషనల్ థెరపీ పత్రికలో వచ్చింది. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని వాళ్లు చెప్పారు. అది ఊలు అల్లికల సంగతి, వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాట. అయినా ఎంబ్రాయిడరీ చేసేవారు ఎవరైనా ఆ మాటకు తలూపుతారు.

ఇవన్నీ తీరిక ఉన్న ఆడవాళ్ల కాలక్షేపాలు అనుకునేవారు లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథీడ్రల్ కథ వినాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, మనసు చెదిరి ఆసుపత్రుల్లో పడి ఉన్న సైనికుల చేతికి సూదీ దారం ఇచ్చారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికా సైనికులు వందమందికి పైగా కలిసి ఆ చర్చి బలిపీఠానికి ముందు కప్పే వస్త్రం కుట్టారు. నడుమ బంగారు పాత్ర, అటూ ఇటూ పూలు, రంగురంగుల పిట్టలు. 1919 జులైలో జరిగిన కృతజ్ఞతా ప్రార్థనల్లో దాన్ని పరిచారు. తుపాకీ పట్టిన చేతులు పిట్టల్ని కుట్టాయి. మన దగ్గర మాత్రం తక్కువా? మగ్గం చెక్కల ముందు వంగి కూర్చుని జర్దోసీ చేసే కారిగర్లలో మగవాళ్లే ఎక్కువ. కాబట్టి మీ అబ్బాయి సూది అడిగితే నవ్వకండి, ఇవ్వండి.

ఇక పిట్ట దగ్గరికి వద్దాం.

పాలపిట్టనే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు కంటపడితే శుభమని దాన్ని వెతుక్కుంటూ పొలాల వైపు వెళ్తారు. పంజరంలో పెట్టి చూపించి డబ్బులు అడిగేవాళ్ల దగ్గర చూడకండి, అందులో శుభం ఏమీ లేదు. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు చూస్తే అదొక మట్టిరంగు పిట్ట. ఛాతీ గోధుమ, ఎరుపు కలిసిన రంగు. తల మీద మాత్రం కాస్త నీలం. నేల మీద పురుగు కనిపించి రెక్క విప్పిందా, లేతనీలం, ముదురునీలం పట్టీలు ఒక్కసారిగా మెరుస్తాయి. మళ్లీ తీగ మీద వాలగానే మట్టిరంగే. ఇప్పుడు మీరు కుట్టబోయేది ఏ పాలపిట్టను? కూర్చున్నదా, ఎగిరేదా? అందరికీ తెలిసిన నీలమా, ఎవరూ పట్టించుకోని గోధుమా? మీ సృజన మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే. పుస్తకంలో బొమ్మ చూసి కార్బన్ పేపరుతో దించుకునేవారికి ఈ ప్రశ్నే రాదు.

ఇంకో సంగతి. పాలపిట్ట రెక్కలోని నీలం ఈకలో ఉన్న నీలిరంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. ఈక లోపలి అతి సూక్ష్మమైన నిర్మాణం వెలుతురును చెదరగొట్టే తీరు వల్ల మన కంటికి అలా కనిపిస్తుంది. నెమలి మెడ మెరుపూ అలాంటిదే. అందుకే నెమలి తల తిప్పితే రంగు మారుతుంది. దారం కూడా వెలుతురుతోనే ఆడుకుంటుంది. నమ్మకం లేకపోతే ఈ పని చేయండి. చిన్న గుడ్డ ముక్క మీద ఒకే నీలం దారంతో పక్కపక్కన రెండు చదరాలు నింపండి. ఒకదానిలో కుట్లు నిలువుగా, రెండోదానిలో అడ్డంగా. కిటికీ దగ్గర పట్టుకుని గుడ్డను మెల్లగా తిప్పండి. ఒక చదరం వెలుగుతుంటే రెండోది నల్లబడుతుంది. ఇంకాస్త తిప్పితే తారుమారవుతాయి. దారం ఒకటే, రంగులు రెండు. ఇది మొదటిసారి గమనించినప్పుడు కలిగే ఆశ్చర్యం కోసమైనా సూది పట్టాలంటాను. ఇది తెలిశాక మీరు దుకాణంలో ఇంకో నాలుగు నీలాలు కొనడానికి పరుగెత్తరు. ఉన్న నీలాన్నే ఏ వాలుగా కుట్టాలా అని ఆలోచిస్తారు. నేర్చుకోవడం అంటే ఇదే, ఉన్నదానిలోనే ఎక్కువ చూడటం.

కుట్టే తీరు గురించి రెండు మాటలు. పిట్ట ఒంటి మీద ఈకలు ఇంటి కప్పు మీది పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి పడుకుంటాయి. కాబట్టి తోక దగ్గర మొదలుపెట్టి తల వైపు రండి. అప్పుడు పై వరస కుట్లు కింది వరస మొదళ్లను కప్పుతాయి. లచ్ఛిలో ఆరు పోగులుంటాయి. రెక్కకు రెండు పోగులు చాలు, మెడకు ఒక్కటే తీసుకోండి. మెడలో పొడవూ పొట్టీ కుట్లు కలిపి వేస్తే రంగులు ఒకదానిలోకి ఒకటి జారుతాయి. కాళ్లకు కాడ కుట్టు. ముక్కుకు శాటిన్.

కన్ను చివర కుట్టండి. నల్లదారంతో ఒక చిన్న ముడి కుట్టు, దాని మీద పైవైపుగా తెల్లదారం ఒకే ఒక్క పోగుతో చిన్న గాటు. అంతవరకు గుడ్డ మీద పడి ఉన్న రంగుల మచ్చ ఆ తెల్ల గాటు పడగానే మీ వైపు చూస్తుంది. అది గడ్డి గింజంత చోటు కూడా కాదు. ఒక పోగు పక్కకు జరిగితే పిట్ట బెదిరినట్టు ఉంటుంది, ఇంకో పోగు కిందికి పోతే నిద్రపోతున్నట్టు ఉంటుంది. నచ్చకపోతే విప్పేయండి. విప్పడానికి సిగ్గుపడకండి. బాగా కుట్టేవారందరూ బాగా విప్పేవారే. గుడ్డ వెనకనుంచి చిన్న కత్తెరతో దారం కత్తిరించి, పోగులు ఒక్కొక్కటీ తీసేయాలి. ముందు వైపునుంచి లాగితే గుడ్డ చిరుగుతుంది. ఒక్క నియమం పెట్టుకోండి. చిరాకులో విప్పొద్దు. రాత్రి నచ్చనిది పొద్దున్నే వెలుతురులో ఇంకోసారి చూసి అప్పుడు నిర్ణయించండి. సగం సార్లు అది అలాగే ఉండనివ్వాలనిపిస్తుంది. మన జీవితంలో తీసుకునే చాలా నిర్ణయాలకు కూడా ఈ ఒక్క రాత్రి గడువు ఇవ్వగలిగితే ఎంత బాగుంటుంది!

'నాకు బొమ్మలు వేయడం రాదు, మరి డిజైను ఎలా?' అని అడుగుతారు. కర్ణాటకలోని ధార్వాడ వైపు ఆడవాళ్ల కసూతీ పని చూడండి. అందులో గుడ్డ మీద ముందుగా గీతలు గీసుకోరు. గుడ్డలోని పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. గుండ్రటి నెమలి, వంపుల చిలుక ఆ లెక్కలోకి రావాలంటే నిలువు గీతలుగా, అడ్డగీతలుగా, ఏటవాలు గీతలుగా మారాలి. మారాయి కూడా. చూడగానే ఇది నెమలి అని పసిపిల్లలు సైతం గుర్తుపడతారు. పిట్టలో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్న తెలివి అది. తోక పొడవు, తల మీది కుచ్చు, మెడ వంపు ఉంటే నెమలి ఉన్నట్టే. బొమ్మ గీయడం రాకపోవడం అడ్డంకి కానే కాదని తరతరాలుగా ఆ అమ్మలు నిరూపించి పెట్టారు.

'ఖర్చవుతుందేమో' అన్నది ఇంకో భయం. బెంగాల్ కాంథా పాత చీరల్లో పుట్టింది. మెత్తబడిన పాతచీరలు పొరలుగా పేర్చి, ఆ చీరల అంచుల్లోంచే రంగుదారాలు లాగి, మామూలు పరుగు కుట్టుతో నెమళ్లను, ఏనుగులను, తామరపూలను పరిచారు. ఆ పని చేసిన ప్రీతికణా గోస్వామికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మీ అటక మీద పాతచీర ఉంటే మీ దగ్గర సరంజామా ఉన్నట్టే.

నకలు తప్పని నేననను. చెయ్యి తిరిగేదాకా అమ్మ గలీబు మీది చిలుకనో, కలంకారీ బట్ట మీది నెమలినో చూసి కుట్టండి. పాతవాళ్లు ఏ వంపును ఎలా తిప్పారో అలాగే తెలుస్తుంది. అక్కడే ఆగిపోవద్దు. నెమలి తప్ప వేరే పిట్టే లేనట్టు కుట్టడం మన దగ్గర అలవాటైపోయింది. మీ పెరట్లో మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్ట ఏం పాపం చేసింది? డాబా మీద జంటగా పోట్లాడుకునే గోరువంకల కళ్ల చుట్టూ ఉన్న పసుపు ఎంత బాగుంటుంది! డాలస్‌లో ఉన్న తెలుగమ్మాయి కిటికీ బయట ఎర్రటి కార్డినల్ వాలుతుంది, ఆమె దాన్నే కుట్టాలి. దర్జీ పిట్ట ఉన్న తోట దగ్గరైతే మీరు అదృష్టవంతులు. ఇంగ్లిషులో టైలర్‌బర్డ్ అనే ఆ బుల్లి పిట్ట పచ్చి ఆకు అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, పత్తి పోగులు, సాలెగూడు దారాలు దూర్చి, ఆకును సంచిలా మలిచి అందులో గూడు పెడుతుంది. కుట్టే పిట్టను కుట్టడం కంటే సరదా ఏముంటుంది?

ఒక హెచ్చరిక. రెండు పిట్టలు బాగా రాగానే 'ఆర్డర్లు తీసుకో' అనేవాళ్లు చుట్టూ చేరతారు. తొందరపడకండి. సూది పట్టిన ప్రతి చేతికీ సంతోషం దొరకదు. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు వందేళ్లకు పైగా లేసు అల్లుతున్నారు. ఆ లేసు విదేశాలకు వెళ్లింది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. కానీ అల్లినవారికి దక్కింది అంతంతమాత్రం. వాళ్ల శ్రమను గృహిణుల తీరిక పనిగా లెక్కగట్టి ఎంత తక్కువ ఇచ్చారో చెబుతూ జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాసింది. నైపుణ్యం వాళ్లది, డిజైనూ ధరా గడువూ వేరొకరివి. ఆనందం రావాలంటే ఏ పిట్టను కుట్టాలో, ఎప్పటికి ముగించాలో మీ చేతిలో ఉండాలి. కొన్నాళ్లు మీ కోసమే కుట్టుకోండి. అమ్మదలచుకున్న రోజున మీ గంటలు లెక్కగట్టి, మొహమాటం లేకుండా ధర చెప్పండి.

ఇంకొక్క పని. మన ఇళ్లలో తరాలుగా వస్తున్న దుప్పట్లు, గలీబులు, లేసులు ఎవరు కుట్టారో ఎక్కడా రాసి లేదు. నాయనమ్మ కుట్టిందో, అత్తయ్య కుట్టిందో చెప్పేవారు కూడా మిగలరు. మీరు అలా చేయకండి. పిట్ట పూర్తయ్యాక కింది మూలన అదే దారంతో మీ పేరు, ఊరి పేరు, సంవత్సరం కుట్టండి. ఇంట్లో పాతవి ఉంటే ఇవాళే అమ్మనడిగి, అవి ఎవరివో తెలుసుకుని, వెనకవైపు వాళ్ల పేరు కూడా కుట్టి పెట్టండి.