బరువుకు తగిన ఇంజన్

బండికి ఎడ్లను కొనబోయే రైతు వాటి రంగును, కొమ్ముల సొంపును మాత్రమే చూసి బేరం కుదుర్చుకోడు. లాగవలసిన బరువెంత, నడవవలసిన బాట ఎట్టిది, మేతకు అయ్యే ఖర్చెంత అని ఆలోచిస్తాడు. ఎడ్ల స్థానంలో యంత్రాలు వచ్చినా ఈ ప్రశ్నలు మారలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో భారీ పికప్ ట్రక్కును కొనదలచినవారు నేటికీ వీటినే ఎదుర్కొంటారు. పెట్రోల్ ఇంజన్ మేలా, డీజిల్ ఇంజన్ మేలా అన్నది అక్కడి రైతులను, పశుపాలకులను, గుత్తేదార్లను దశాబ్దాలుగా ఆలోచింపజేస్తున్న సమస్య.

ముందుభాగంలో మనుషులు కూర్చొనే గది, వెనుకభాగంలో సామాను వేసే తొట్టి గల వాహనమే పికప్ ట్రక్కు. వీటిలో భారీ తరగతికి చెందినవాటిని ముప్పాతిక టన్ను, ఒక టన్ను ట్రక్కులని వాడుకలో పిలుస్తారు. ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 వంటివి ఈ కోవలోనివి. ఆ పేర్లు పూర్వకాలపు మోత పరిమితిని బట్టి వచ్చినవి. నేటి ట్రక్కులు అంతకన్నా ఎంతో ఎక్కువ మోస్తాయి. పశువుల ట్రైలర్లను, ఎండుగడ్డి మోపులను, మట్టి తవ్వే యంత్రాలను వెనుక తగిలించుకొని వందల మైళ్లు సాగడం వీటి పని.

పెట్రోల్, డీజిల్ ఇంజన్లు రెండూ అంతర్దహన యంత్రాలే. 1876లో జర్మనీ దేశస్థుడైన నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను రూపొందించాడు. నేటి పెట్రోల్ ఇంజన్ ఆ మార్గానికి చెందినది. ఇందులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ సుమారు పదో వంతుకు నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నుండి వెలువడే నిప్పురవ్వ దానిని మండిస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ మరొక దారి తొక్కాడు. నిప్పురవ్వతో పనిలేకుండా, గాలిని తీవ్రంగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండాలని ఆయన సంకల్పం. 1893లో పేటెంటు పొంది, 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజన్‌ను విజయవంతంగా నడిపి చూపాడు. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం అందరికీ అనుభవమే. డీజిల్ ఇంజన్‌లో ఆ వేడి ఇంధనాన్ని అంటించేంతగా పెరుగుతుంది.

సంపీడనం పెరిగినకొద్దీ, ఇంధనంలోని వేడిలో పనిగా మారే భాగం పెరుగుతుంది. పైగా ఒక లీటరు డీజిల్‌లో ఒక లీటరు పెట్రోల్ కన్నా పది శాతానికి మించి శక్తి ఉంటుంది. ఒకే కొలత ఇంధనంతో డీజిల్ వాహనం ఎక్కువ దూరం పోవడానికి ఇవి ముఖ్య కారణాలు.

బరువు లాగే వాహనానికి వేగం కన్నా చక్రాన్ని తిప్పే బలం ముఖ్యం. దీనినే టార్క్ అంటారు. 2023 నమూనా ఫోర్డ్ సూపర్ డ్యూటీ ట్రక్కులలో 7.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్ 430 అశ్వశక్తిని, 485 పౌండ్-అడుగుల టార్క్‌ను ఇస్తుంది. అదే తరగతిలోని 6.7 లీటర్ల డీజిల్ ఇంజన్ 475 అశ్వశక్తిని, 1050 పౌండ్-అడుగుల టార్క్‌ను ఇస్తుంది. అశ్వశక్తిలో భేదం స్వల్పం. టార్క్‌లో భేదం రెట్టింపుకు మించినది. పెట్రోల్ ఇంజన్ తన గరిష్ఠ టార్క్‌ను నిమిషానికి 4000 భ్రమణాల వద్ద అందుకొంటే, డీజిల్ ఇంజన్ 1600 భ్రమణాల వద్దనే అందుకొంటుంది. ఒకటి ఆయాసపడి పరుగెత్తుతూ లాగితే, మరొకటి నిదానంగా అడుగు వేస్తూ లాగుతుంది.

కొండదారిలో ఈ భేదం స్పష్టమవుతుంది. కొలరాడో రాష్ట్రంలో రాకీ పర్వతాలను దాటే 70వ అంతర్రాష్ట్ర రహదారి, ఐసన్‌హోవర్ సొరంగం వద్ద సముద్రమట్టానికి 11,000 అడుగులకు పైబడిన ఎత్తుకు చేరుతుంది. అక్కడ గాలి పలుచన. టర్బోఛార్జర్ లేని ఇంజన్ ప్రతి వేయి అడుగుల ఎత్తుకు సుమారు మూడు శాతం బలాన్ని కోల్పోతుంది. సొరంగం చేరేసరికి దాదాపు మూడో వంతు బలం తగ్గిపోతుందన్నమాట. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బోఛార్జర్ ఉండడం వలన డీజిల్ ఇంజన్‌కు ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. ఎక్కడం కన్నా దిగడం మరింత ప్రమాదకరం. బరువైన ట్రైలరు వెనుక నుండి తోస్తుంటే, ఎడతెగక తొక్కిన బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. డీజిల్ ట్రక్కులలోని ఎగ్జాస్ట్ బ్రేక్, పొగగొట్టంలో ఒత్తిడి కల్పించి ఇంజన్ ద్వారానే వేగాన్ని అదుపు చేస్తుంది. ఇక్కడ ఇంజన్ ఎంపిక ప్రాణరక్షణకు సంబంధించిన విషయమవుతుంది.

ఇంతవరకు చూస్తే డీజిలే మేలని తోచవచ్చు. అయితే ఈ బలం ఉచితంగా రాదు. ఇటీవలి నమూనాలలో డీజిల్ ఇంజన్ కోరుకొన్నవారు సుమారు పదివేల డాలర్లు అదనంగా చెల్లించవలసి ఉంటుంది. ఆ సొమ్ము ఇంధనం ఆదాతో తిరిగి వస్తుందా అని ఒక ఊహాలెక్క వేసి చూడవచ్చు. ఏడాదికి 15,000 మైళ్లు తిరిగే పెట్రోల్ ట్రక్కు గాలనుకు 10 మైళ్లు, డీజిల్ ట్రక్కు పన్నెండున్నర మైళ్లు పోతాయనుకొందాం. మొదటిదానికి 1500 గాలన్లు, రెండవదానికి 1200 గాలన్లు కావాలి. పెట్రోల్ గాలను 3 డాలర్లు, డీజిల్ మూడున్నర డాలర్లు అయితే ఖర్చులు 4500, 4200 డాలర్లు అవుతాయి. ఏడాదికి మిగిలేది 300 డాలర్లే. పదివేలు రాబట్టడానికి ముప్పై మూడేళ్లు పడుతుంది! ట్రక్కును తిరిగి అమ్మినప్పుడు డీజిల్‌కు కొంత ఎక్కువ ధర పలకవచ్చు. అయినా ఇంధనం ఆదా కోసమే డీజిల్‌ను కొనేవాడు నష్టపోయే అవకాశమే ఎక్కువ.

లాగడం వేరు, మోయడం వేరు. డీజిల్ ఇంజన్ బరువులో పెట్రోల్ ఇంజన్‌ను వందల పౌండ్లు మించుతుంది. ట్రక్కు మొత్తం బరువుకు పరిమితి ఒకటే అయినప్పుడు, ఇంజన్ బరువెంత పెరిగితే తొట్టిలో వేయదగిన సరుకు అంత తగ్గుతుంది. ట్రైలరు లేకుండా తొట్టిలోనే ఇటుకలు, పనిముట్లు మోసేవారికి పెట్రోల్ ట్రక్కే అనుకూలం కావచ్చు.

గాలి కాలుష్యం మరొక ముఖ్య విషయం. డీజిల్ పొగ కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం 2012లో ప్రకటించింది. అమెరికాలో 2007 నుండి మసిని పట్టే వడపోతలు, 2010 తరువాత విషవాయువులను తగ్గించే యూరియా ద్రావణం డీజిల్ ట్రక్కులలో ప్రవేశించాయి. ఇది పైరుకు వేసే యూరియా రసాయనమే. అయితే మిక్కిలి శుద్ధి చేసినది. వడపోతలో పేరుకొన్న మసి కాలిపోవాలంటే ఇంజన్ బాగా వేడెక్కి చాలాసేపు నడవాలి. రోజూ రెండు మూడు మైళ్లు తిరిగి ఆగిపోయే ట్రక్కులో మసి పూడుకొనిపోయి ఖరీదైన మరమ్మతులకు దారితీస్తుంది. ఖర్చుకు వెరచి ఈ పరికరాలను తొలగించడం అక్కడ చట్టవిరుద్ధం. రామ్ ట్రక్కుల ఇంజన్లలో కాలుష్య నియంత్రణను వమ్ముచేసే ఏర్పాట్లున్నాయన్న ఆరోపణపై కమిన్స్ సంస్థ 2023 డిసెంబరులో 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు అంగీకరించింది. తప్పు చేసినట్లు మాత్రం సంస్థ ఒప్పుకోలేదు.

ఈ సమస్య భారతదేశానికీ కొత్తది కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు, చిన్న డీజిల్ కార్లకు అయ్యే అదనపు వ్యయం గిట్టుబాటు కాదని మారుతి సుజుకి సంస్థ వాటి తయారీని విరమించింది. తెలుగునాట బరువులు మోసే లారీలు, పొలం దున్నే ట్రాక్టర్లు మాత్రం ప్రధానంగా డీజిల్‌తోనే సాగుతున్నాయి. ఇంధనం ఒకటే. పని వేరు కావడం వలన నిర్ణయమూ వేరైంది.

కాబట్టి పెట్రోల్, డీజిల్‌లలో ఏది గొప్పదన్న వాదం నిష్ప్రయోజనం. బరువైన ట్రైలరుతో తరచుగా దూరప్రయాణాలు, కొండదారులు దాటేవారికి డీజిల్ సార్థకం. అప్పుడప్పుడు కొద్దిపాటి బరువుతో దగ్గరి దూరాలు తిరిగేవారికి పెట్రోల్ చాలు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పెద్ద పనిని తలచుకొని గొప్పకోసం కొన్న ఇంజన్, మిగిలిన రోజులలో యజమానికి అప్పుల భారమవుతుంది. చాలీచాలని ఇంజన్‌తో పర్వతాలు దాటబోవడం ప్రాణాలకే ముప్పు తెస్తుంది. తన పనిని ఉన్నదున్నట్లుగా లెక్కించుకొనగలిగినవాడే తగిన యంత్రాన్ని ఎంచుకొంటాడు.