నొప్పి చెప్పడం నామోషీ కాదు

ఎర్రగుంట్ల

చిరంజీవి చిన్నోడికి,

  

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అన్న మాట నన్ను నిద్రపోనీయలేదు. వచ్చే వారం తిరుపతిలో మీ నాయనకు గుండె నాళాల యాంజియోగ్రామ్ కదా. "పెద్దనాయనా, పూర్తిగా మత్తు ఇచ్చేయమని డాక్టరుతో గట్టిగా చెప్తా. నాయనకు ఏమీ తెలియకుండానే అయిపోతుంది" అన్నావు. కొడుకుగా నీ ఆరాటం అర్థమైంది. అయితే ఆ బల్ల మీద రెండుసార్లు పడుకొని లేచినవాణ్ణి నేను. ఫోన్‌లో చెప్పి తేల్చే సంగతి కాదని కాగితం తీసుకున్నాను. నువ్వు చదువు, మీ నాయనకూ చదివి వినిపించు.

మనం మత్తు అనే ఒక్క మాటతో మూడు సంగతులను కలిపేస్తాం. సూది గుచ్చే చోట మాత్రమే తిమ్మిరెక్కించేది ఒకటి. పన్ను పీకేటప్పుడు చిగురుకు వేస్తారు చూడు, లిగ్నోకేయిన్, అదే. నరంలోకి కొద్దిగా మందు ఎక్కించి మనిషిని మగతగా ఉంచేది రెండోది. పిలిస్తే పలుకుతాడు, చెప్పింది చేస్తాడు, ఊపిరి తనే తీసుకుంటాడు. దీనికి ఎక్కువగా మిడజోలం, ఫెంటానిల్ అనే మందులు వాడతారు. ఒళ్ళు తెలియకుండా నిద్రపుచ్చి, ఊపిరిని కూడా మత్తు డాక్టరు చూసుకునేది మూడోది. పెద్దవాళ్ళ యాంజియోగ్రామ్‌కు మామూలుగా మొదటిది ఒక్కటే చాలు, లేదంటే మొదటిదానికి తోడు రెండోది. మణికట్టు నుంచి చేసేటప్పుడు చాలా చోట్ల మొదటిదానితోనే కానిచ్చేస్తారు. అది ఆసుపత్రి పిసినారితనం కాదు. మూడోది గుండెలో రంధ్రం ఉన్న పసిపిల్లలకు, ఆపరేషన్లకు. పసిబిడ్డను కదలకుండా పడుకో అంటే పడుకోదు కదా.

ఈ తేడా నాకు 2009లో ఎవరూ చెప్పలేదు. ఏ ఆసుపత్రి అనేది ఇప్పుడు అనవసరం. చక్రాల మంచం మీద లోపలికి తోసుకుపోతుంటే, సూది వేస్తారు, నిద్రపోతాను, కళ్ళు తెరిచేసరికి వార్డులో ఉంటాను అనుకున్నాను. బల్ల మన నాపబండ మాదిరి గట్టిగా, చల్లగా ఉంది. ఏసీ చలికి పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. గజ్జల్లో సూది చురుక్కుమంది, తర్వాత ఆ చోటు మొద్దుబారింది. నేను నిద్ర కోసం ఎదురుచూస్తా పడుకున్నాను. నిద్ర రాలేదు. పక్కన తెర మీద ఏదో నల్లగా కదులుతోంది, డాక్టర్లు ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు. "నాకు మత్తు ఎక్కలేదు, ఆ సంగతి వీళ్ళకు తెలియదు, కోయడం మొదలుపెట్టినారు" అనుకున్నాను. ఆ చలిలోనూ చెమటలు పట్టినాయి. గుండె దాకా పంపే గొట్టం లోపల పోతుంటే నిజానికి ఏమీ తెలియలేదు, రక్తనాళం లోపలివైపు నొప్పి తెలియదట. భయమే అంతా. తర్వాత రంగు మందు ఎక్కించినప్పుడు ఛాతీ నుంచి తొడల దాకా వేడి పాకింది. పడుకున్నచోటే ఒంటికి పోసుకున్నానేమో అని సిగ్గుతో చచ్చిపోయినాను. అది ఆ మందు గుణమని, పది పదిహేను క్షణాల్లో పోతుందని ముందే ఒక్కరు చెప్పి ఉంటే చాలు.

అసలు సంగతి ఆ తర్వాతది. స్టెంటు వేయడానికి బెలూన్ ఉబ్బించినప్పుడు ఎద మీద బండ దించినట్టయింది. బెలూన్ ఉబ్బినంతసేపు ఆ నాళంలో రక్తం ఆగుతుంది, అందుకే పాత గుండెనొప్పే మళ్ళీ వస్తుంది, దించగానే తగ్గుతుంది. ఇది నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పళ్ళు బిగపట్టుకొని పడుకున్నాను. నోరు తెరవలేదు. మీ అబ్బ క్వారీలో కాలి వేలు నలిగితే గుడ్డ చుట్టుకొని సాయంత్రం దాకా బండలెత్తినాడని విని పెరిగినవాళ్ళం. మన ఇంట్లో మొగోడు "అబ్బా" అంటే నామోషీ. అంతా అయినాక డాక్టరు నా మొహం చూసి, "ఇంత నొప్పి ఉంటే ఎందుకు చెప్పలేదు పెద్దాయనా, ఇంకొంచెం మందు ఇచ్చేవాళ్ళం కదా" అన్నాడు. వాళ్ళు నాకు చెప్పలేదు, నిజమే. నేనూ వాళ్ళకు చెప్పలేదు. ఆ గంట నేను పడిన బాధలో సగం ఈ రెండు మౌనాల వల్లే వచ్చింది.

రెండోసారి 2018లో, వేరే చోట. ముందు రోజు సాయంత్రం నర్సమ్మ మంచం పక్కన నిలబడి అన్నీ వరసగా చెప్పింది. కుడి మణికట్టు నుంచి చేస్తామని, మగతగా ఉండేదానికి కొద్దిగా మందు ఇస్తామని, మెలకువ ఉంటే భయపడొద్దని. పైన దీపం చూడటం గుర్తుంది, మణికట్టు దగ్గర మంట గుర్తుంది, అంతే. మళ్ళీ గుర్తున్నది వార్డులో మీ పెద్దమ్మ ముఖం. కానీ నేను నిద్రపోలేదట. ఊపిరి బిగపట్టమంటే బిగపట్టినానట, దగ్గమంటే దగ్గినానట. బయటికి వచ్చినాక "అయిపోయిందా" అని మీ పెద్దమ్మను అయిదుసార్లు అడిగినానట. ఒక్కటీ నాకు జ్ఞాపకం లేదు. నా ఆయుష్షులో ఒక గంట ఎవరో తీసుకుపోయినట్టు రెండు రోజులు మనసు కలతగా ఉండింది. మిడజోలం గుణమే అంత, మాట్లాడుతూనే ఉంటాము, మాట మాత్రం లోపల నిలవదు అని డాక్టరు చెప్పినాక కుదుటపడినాను. కాబట్టి మీ నాయనకు మగత మందు ఇస్తే, బయటికి వచ్చినాక డాక్టరు చెప్పే మాటలు నువ్వు వినాలి, కాగితం మీద రాసుకోవాలి. వాడు తలూపుతాడు, గుర్తుండదు. ఆ రోజు వాడిచేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించొద్దు. ఆసుపత్రి వాళ్ళ అంగీకార పత్రం మందు ఇవ్వకముందే తీరిగ్గా చదివించు.

మెలకువగా ఉంచడం అన్యాయమని నీకు అనిపించొచ్చు. గుండెలోకి గొట్టం పంపే ఈ విద్య మొదలైందే మెలకువలో అప్పా. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు తన మోచేతి దగ్గర తిమ్మిరి మందు వేసుకొని, నరం గుండా గొట్టాన్ని గుండె దాకా తనే తోసుకున్నాడు. అట్లనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచిపోయినాడు. ఆ పనికి ఆనాడు చీవాట్లు తిన్నాడు, 1956లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1977 సెప్టెంబరులో జ్యూరిక్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు మొట్టమొదట బెలూన్‌తో గుండె నాళాన్ని తెరిచినప్పుడు కూడా ఆ రోగి మెలకువగానే ఉన్నాడు.

మెలకువతో పనుంది కాబట్టే ఉంచుతారు. బొమ్మ సరిగ్గా రావాలంటే ఊపిరి బిగపట్టమంటారు, ఒక్కోసారి దగ్గమంటారు. ఎదలో నొప్పి వచ్చినా, ఒళ్ళు దురద పెట్టినా, మాట తడబడినా, చెయ్యి లాగినా రోగి చెబితేనే త్వరగా పసిగడతారు. మత్తు పెరిగేకొద్దీ ఊపిరి మందగిస్తుంది, బీపీ పడిపోతుంది. అందుకే వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ ఎంత ఉందో చూస్తూనే ఉంటారు. వయసు మళ్ళినవాళ్ళకు కొంచెం మందే ఎక్కువ పనిచేస్తుంది. పూర్తి మత్తు నువ్వు అడిగి పుచ్చుకునే మర్యాద కాదు. అవసరమైతే డాక్టరే ఇస్తాడు.

నువ్వు గట్టిగా అడగవలసినవి వేరే ఉన్నాయి. మత్తు ఏ రకం ఇస్తారు, మణికట్టు నుంచా గజ్జల నుంచా, లోపల ఏమేమి తెలుస్తుంది, నొప్పి వస్తే ఎవరికి చెప్పాలి, ఇంకొంచెం మందు ఇస్తారా. ఈ అయిదూ అడుగు. ఒకప్పుడు మన ఊరివాళ్ళు గుండెజబ్బు అంటే వేలూరికి పోయేవాళ్ళు. 1991లో పుట్టపర్తిలో పెద్దాసుపత్రి వచ్చింది, తర్వాత తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చినాక కూలి చేసుకునేవాడు కూడా స్టెంటు వేయించుకోగలుగుతున్నాడు. చాలా గొప్ప సంగతి. కానీ జనం పెరిగినచోట తీరిగ్గా కూర్చొని చెప్పే మనుషులు తక్కువ. మన వంతు మాట మనమే అడిగి తెచ్చుకోవాలి.

నువ్వు దాచకుండా చెప్పవలసినవీ ఉన్నాయి. మీ నాయన గురక పెడతాడు, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తాడు. మత్తు మందుకు ఇది చాలా ముఖ్యమైన సంగతి. సాయంత్రం పూట తాగే అలవాటు దాచొద్దు, పరువు పోతుందని నువ్వు దాస్తే మందు లెక్క తప్పుతుంది. నిద్రమాత్రలు, షుగర్ మాత్రలు, రక్తం పలచబడేవి ఏవి మింగుతున్నాడో చీటీలతో సహా చూపించు. వాళ్ళు చెప్పకుండా ఏ మాత్రా నీ అంతట నువ్వు ఆపొద్దు. ఏ మందన్నా పడదా, కిడ్నీ పరీక్ష ఎట్ల ఉంది, కట్టుడు పళ్ళు ఉన్నాయా, అన్నీ చెప్పు. ఎప్పటినుంచి తినకూడదో, నీళ్ళు ఎప్పటిదాకా తాగొచ్చో విడివిడిగా అడుగు. ఇంట్లో వాళ్ళు జాలిపడి తెల్లవారి ఇడ్లీ పెట్టకుండా చూసుకో. కడుపులో అన్నం ఉండి మగతలో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

అయినాక ఆ రాత్రే బస్సెక్కించి ఊరికి తేవొద్దు. మణికట్టు నుంచి చేస్తే పట్టీ తీసేదాకా చెయ్యి కదపకూడదు, తర్వాత కొన్నాళ్ళు బరువెత్తకూడదు. గజ్జల నుంచి చేస్తే కొన్ని గంటలు కాలు మడవకుండా వెల్లకిలా పడుకోవాలి. రక్తం కారినా, వాపు పెరిగినా అక్కడే గట్టిగా అదిమిపట్టి నర్సును కేకెయ్యి. మగత మందు ఇచ్చి ఉంటే ఒక రోజు పాటు బండి తోలనీయొద్దు. ఒళ్ళు బాగుందని వాడు తాళం చెవి అడుగుతాడు, ఇవ్వొద్దు.

నేను ముప్పై ఏళ్ళు రైల్వేలో పనిచేసి ఈ ఎర్రగుంట్ల జంక్షన్‌లోనే రిటైరైనవాణ్ణి. ముందు స్టేషను నుంచి లైన్ క్లియర్ రాకుండా బండిని వదలము. అవతలివాడు చెప్పాలి, ఇవతలివాడు వినాలి, మళ్ళీ తిరిగి చెప్పాలి. ఒకరు ఊరుకుంటే ప్రమాదం. యాంజియోగ్రామ్ చేసే గదిలో, అదే క్యాథ్ ల్యాబ్‌లో, కూడా అంతే అని రెండుసార్లు పడుకొని తెలుసుకున్నాను. అక్కడ రోగి మీద శుభ్రమైన గుడ్డలు కప్పుతారు, చెయ్యి ఎత్తకూడదు, ఎదను తాకకూడదు. సైగ చేయడానికి కూడా లేదు. నోరొక్కటే మిగులుతుంది.

నా భయమంతా ఆ నోటి గురించే. మీ నాయన నా తమ్ముడు, వాణ్ణి పుట్టినప్పటి నుంచి ఎరుగుదును. వాడు నాకంటే మొండివాడు. పక్కటెముక విరిగితే మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ బల్ల మీద కూడా అట్లనే బిగుసుకొని పడుకుంటాడు. బాగున్నాడని డాక్టర్లు అనుకుంటారు.

అందుకని లోపలికి తీసుకుపోయే తలుపు దగ్గర వాడి చెయ్యి పట్టుకో. ధైర్యంగా ఉండమని చెప్పొద్దు, వాడికి ఆ మాట అవసరం లేదు. "నాయనా, నొప్పి అయితే చెప్పు. పెద్దనాయన చెప్పమన్నాడు" అను.

ఇట్లు,
నీ పెద్దనాయన