వానలొచ్చే ముందు పచ్చికపై మందు ఆపండి

ఈశాన్య రుతుపవనాలు చెన్నైని తాకే రోజులివి. ఏడాది వానలో సగానికి పైగా ఈ నగరంలో అక్టోబరు, డిసెంబరు నెలల మధ్యే కురుస్తుంది. ఇంటి ముందు గరిక, కొరియన్ గడ్డి పెంచేవారు, మేడ మీద కూరగాయలు వేసుకునేవారు పురుగుమందు డబ్బాను ఇప్పుడే పక్కన పెట్టాలి. 2003లో తమిళనాడు ప్రభుత్వం అన్ని భవనాలకూ వాననీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటు తప్పనిసరి చేసింది. పచ్చిక మీద చల్లిన మందు వాననీటితో, కొట్టుకొచ్చే మట్టితో కలిసి అదే ఇంకుడుగుంతలోకి దిగుతుంది. ఆ గుంత పక్కనే మీ బావో బోరో ఉంటుంది.

తుంగకు కలుపుమందు అక్కర్లేదు. నేల బాగా నానాక గడ్డతో సహా తవ్వి తీయండి. గడ్డ మిగిలితే మళ్లీ మొలుస్తుంది కాబట్టి రెండు మూడుసార్లు తీయక తప్పదు. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఆదేశించింది. గడ్డి పసుపు రంగుకు మారి, పట్టి లాగితే చాపలా లేచివస్తే కింద వేరుపురుగు ఉన్నట్టు. తవ్వి ఏరేసి, చదరపు మీటరుకు గుప్పెడు వేపపిండి కలపండి. గడ్డిని మరీ నేలకంటా కోయకండి, వేరు బలహీనపడుతుంది.

పెరటి కొబ్బరి ఆకుల అడుగున తెల్లటి వలయాలు, కింది ఆకుల పైభాగాన మసి కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో మొదటిసారి కనిపించింది. రసాయనం కొడితే దాన్ని తినే ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి చచ్చి, దోమ మిగులుతుంది. ఆకుల అడుగున నీటిని జోరుగా కొట్టండి. మసి పోవడానికి లీటరు నీటికి 25 గ్రాముల మైదా గంజి చల్లితే చాలు. మిత్రపురుగుల శక్తి మీద నమ్మకం లేనివారు బొప్పాయి పిండినల్లిని గుర్తు చేసుకోండి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో మొదలై తోటలను తుడిచిపెట్టిన ఆ పురుగును, 2010లో ప్యూర్టోరికో నుంచి తెప్పించిన పరాన్నజీవులే అదుపులోకి తెచ్చాయి.

కెనడాలో హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లో పచ్చికలపై పురుగుమందులను నియంత్రించింది. కంపెనీలు కోర్టుకెక్కినా 2001లో సుప్రీంకోర్టు పట్టణం పక్షానే నిలిచింది. మన దగ్గర ప్రభుత్వం ప్రత్యామ్నాయాన్ని చేతికందించే దారి పట్టింది. తమిళనాడు ఉద్యానశాఖ 2013-14లో చెన్నై, కోయంబత్తూరుల్లో మిద్దెతోట కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొబ్బరిపొట్టు, విత్తనాలతో పాటు జీవన ఎరువులు, ట్రైకోడెర్మా, వేప మందు అందులోనే ఉంటాయి. నా దృష్టిలో ఇది మంచి పని. కానీ కుండీలకు వేప మందు, కింద పచ్చికకు విషం అంటే ఫలితం ఉండదు.

అపార్ట్‌మెంట్ సంఘాల వారికి ఒక విన్నపం. తోటకు నెలవారీ కాంట్రాక్టుతో మందు కొట్టిస్తుంటే, ఈ వానాకాలం మూడు నెలలైనా ఆపించండి. ఇప్పటిదాకా ఏ మందు, ఎంత కొట్టారో రాసివ్వమని అడగండి.