మిరప నారుమడి నేర్పిన రసాయన చర్యలు



ఖానాపురం హవేలి హాస్టల్లో ఉండి పదో తరగతి పూర్తి చేసిన ముగ్గురం కలిసి ఈ పాఠం రాస్తున్నాం. రాత్రి స్టడీ అవర్‌లో "సంయోగం, వియోగం, స్థానభ్రంశం, ద్వంద్వ వియోగం" అని ఊగుతూ బట్టీ పట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం. నిర్వచనాలు నోటికి వచ్చాయి కానీ అర్థం కాలేదు. ఆ సంగతి మాకు పరీక్ష హాల్లో కాదు, మిరప నారుమడి దగ్గర తెలిసింది.

ఆ ఏడు ఆగస్టు పదిహేను సెలవుకు మాలో ఒకరి ఊరికి ముగ్గురం వెళ్ళాం. వాళ్ళ మిరప నారుకు నారుకుళ్ళు తెగులు తగిలింది. బోర్డో మిశ్రమం పోయమని తెలిసినవాళ్ళు చెప్పారు. "సైన్సు చదువుతున్నారు కదరా, మీరే కలపండి" అన్నాడు మా మిత్రుడి నాన్న. పది లీటర్ల నీళ్ళకు 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం తూకం ప్రకారమే వేశాం. అయితే ఆ సున్నం అంతకుముందు సంక్రాంతికి గోడలకు వేయగా మిగిలి, సంచిలో పిండైపోయిన పాత సున్నం. కలిపింది పాత ఇనుప బకెట్లో. మూడో రోజుకు నారు ఆకులు మాడిపోయాయి. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మళ్ళీ నారు కొనడానికి అప్పు చేశాడు.

మేం చేసిన రెండు తప్పులూ మన పాఠంలోనే ఉన్నాయి. ఎక్కడున్నాయో చూద్దాం.

రసాయన చర్య అంటే ఏమిటి?

ఉప్పు నీళ్ళలో కరిగితే అది భౌతిక మార్పు. నీళ్ళు ఆవిరైతే ఉప్పు మళ్ళీ దొరుకుతుంది. పాత పదార్థం పోయి కొత్త పదార్థం పుడితే అది రసాయన చర్య. చర్యలో పాల్గొనేవి క్రియాజనకాలు, ఏర్పడేవి క్రియాజన్యాలు. రంగు మారడం, వేడి పుట్టడం, వాయువు రావడం, అడుగున అవక్షేపం చేరడం వంటివి చర్య జరిగిందనడానికి గుర్తులు.

1. రసాయన వియోగం: ఒకటి విడిపోయి రెండు

సున్నపురాయిని బట్టీలో దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే పొడిసున్నం మిగులుతుంది, వాయువు పైకి పోతుంది.

కాల్షియం కార్బొనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

100 గ్రాముల సున్నపురాయి పూర్తిగా విడిపోతే 56 గ్రాముల సున్నం, 44 గ్రాముల వాయువు వస్తాయి. మొత్తం మళ్ళీ 100. బరువు ఎక్కడికీ పోదు. ఈ చర్యకు వేడిని మనమే ఇవ్వాలి కాబట్టి ఇది ఉష్ణగ్రాహక చర్య.

2. రసాయన సంయోగం: రెండు కలిసి ఒకటి

వార్షికోత్సవం ముందు గోడలకు వేసే సున్నాన్ని నానబెట్టడం మీరు చూసే ఉంటారు. రాళ్ళు నీళ్ళలో పడగానే బుసబుసమని పొంగుతాయి, డ్రమ్ము ముట్టుకోలేనంత వేడెక్కుతుంది.

కాల్షియం ఆక్సైడ్ + నీరు → కాల్షియం హైడ్రాక్సైడ్

56 గ్రాముల పొడిసున్నం 18 గ్రాముల నీటితో కలిసి 74 గ్రాముల తడిసున్నం అవుతుంది. వేడి బయటకు వస్తుంది కాబట్టి ఇది ఉష్ణమోచక చర్య. ఈ పని దగ్గరకు మీరు వెళ్ళకండి. సున్నం చుక్క కంట్లో పడితే చూపుకే ముప్పు. పొరపాటున పడితే వెంటనే ధారగా నీళ్ళతో చాలాసేపు కడిగి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మా మొదటి తప్పు

గోడకు వేసిన సున్నం ఆరి గట్టిపడటానికి కారణం నీళ్ళు ఆవిరి కావడం ఒక్కటే కాదు. తడిసున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని మళ్ళీ సున్నపురాయి అవుతుంది.

కాల్షియం హైడ్రాక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్ → కాల్షియం కార్బొనేట్ + నీరు

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా తెల్లబడేది ఈ చర్య వల్లే. మాష్టారి ఎదుట చేసి చూడండి, నోట్లోకి మాత్రం పీల్చకండి. ఇది నాలుగు రకాల్లో తేలిగ్గా ఇమడదు. ఆమ్ల స్వభావం ఉన్న ఆక్సైడుకు, క్షారానికి మధ్య జరిగే చర్య ఇది. ప్రతి చర్యనూ నాలుగు గళ్ళలోనే ఇరికించాలని చూడకండి.

సంచిలో ఉన్న సున్నానికీ అదే జరిగింది. గాలిలో తేమ తాకి తడిసున్నమైంది, ఆ తర్వాత కార్బన్ డయాక్సైడ్ తాకి చాలావరకు రాతిపొడిగా మారింది. మేం 100 గ్రాములు తూచాం, కానీ అందులో సున్నం కొంచెమే.

3. రసాయన ద్వంద్వ వియోగం: రెండు జంటలు భాగాలు మార్చుకోవడం

మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. దాని నీలి ద్రావణాన్ని సున్నపు నీళ్ళలో కలిపితే రెండు సమ్మేళనాలూ భాగాలు మార్చుకుంటాయి. లేత నీలిరంగు అవక్షేపం వస్తుంది. పదో తరగతి స్థాయిలో దీన్ని ఇలా రాసుకోవచ్చు:

కాపర్ సల్ఫేట్ + కాల్షియం హైడ్రాక్సైడ్ → కాపర్ హైడ్రాక్సైడ్ + కాల్షియం సల్ఫేట్

ఇదే బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో రైతులు దారిపక్క ద్రాక్షను దొంగలు తినకుండా మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు తెగులు రాలేదని మిల్లార్డే అనే శాస్త్రవేత్త 1882లో గమనించి, ప్రయోగాలు చేసి 1885లో లోకానికి చెప్పాడు.

సున్నం చాలకపోతే కాపర్ సల్ఫేట్ కొంత మారకుండా మిగిలిపోతుంది. లేత ఆకును మాడ్చేది అదే. మా నారుకు జరిగింది ఇదే.

4. రసాయన స్థానభ్రంశం: ఒకరిని తోసి ఇంకొకరు కూర్చోవడం

ఇనుముకు రాగికంటే చర్యాశీలత ఎక్కువ. అందుకే కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుము పడితే రాగిని బయటకు నెట్టి దాని చోట తాను చేరుతుంది.

ఇనుము + కాపర్ సల్ఫేట్ → ఐరన్ సల్ఫేట్ + రాగి

మా రెండో తప్పు ఇక్కడుంది. తెగులును ఆపాల్సిన రాగిలో కొంత ఇనుప బకెట్ గోడలకు ఎర్రగా అంటుకుపోయింది. మేం దాన్ని తుప్పు అనుకున్నాం! ఈ మందును ప్లాస్టిక్ బకెట్లోనో, మట్టికుండలోనో కలపాలి.

ఇదే చర్య రైతుకు పరీక్షగానూ పనికొస్తుంది. తోమి మెరిపించిన కొడవలిని కలిపిన మందులో ఒక నిమిషం ముంచాలి. ఎర్రటి రాగి పూత పడితే కాపర్ సల్ఫేట్ ఇంకా మిగిలి ఉందని అర్థం. పూత పడటం ఆగేవరకు సున్నపు నీళ్ళు చేర్చాలి. మందును కలిపిన రోజే వాడుకోవాలి.

ఎలా గుర్తుపట్టాలి?

సమీకరణం కనబడగానే ఎడమవైపు ఎన్ని ఉన్నాయి, కుడివైపు ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టండి. కుడివైపు ఒక్కటే ఉంటే సంయోగం. ఎడమవైపు ఒక్కటే ఉంటే వియోగం. రెండువైపులా రెండేసి ఉంటే, ఎడమవైపు మూలకం ఉందేమో చూడండి. ఆ మూలకం సమ్మేళనంలోని మరో మూలకాన్ని నెట్టేస్తే స్థానభ్రంశం. ఇరువైపులా సమ్మేళనాలే ఉండి భాగాలు మార్చుకుంటే ద్వంద్వ వియోగం.

మీకు ప్రశ్నలు

అ) పాల్వంచ కేటీపీఎస్‌లో బొగ్గులోని కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ కావడం ఏ రకం?
ఆ) మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీ బట్టీల్లో సున్నపురాయి విడిపోవడం ఏ రకం?
ఇ) ఉప్పు నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోస్తే తెల్లటి అవక్షేపం వస్తుంది. ఇది ఏ రకం?
ఈ) రాగి తీగను ఐరన్ సల్ఫేట్ ద్రావణంలో ముంచితే ఏమవుతుంది?

(జవాబులు: అ. సంయోగం, ఆ. వియోగం, ఇ. ద్వంద్వ వియోగం, ఈ. ఏమీ కాదు, రాగి ఇనుమును నెట్టలేదు.)

మరుసటి ఏడు కూడా మేం ఆ ఊరు వెళ్ళాం. ఈసారి కొత్త సున్నం, ప్లాస్టిక్ బకెట్. కలపడం అయ్యాక మా మిత్రుడి నాన్నను కొడవలి అడిగాం. ఎందుకని ఆయన అడిగితే పాఠమంతా చెప్పాం. కొడవలి ముంచి తీశాం. ఎర్రబడలేదు. అప్పుడు గానీ నారుకు పోయలేదు. ఆ ఏడు నారు నిలిచింది.

తమ్ముళ్ళారా, మన ఇళ్ళలో చాలామంది చేలను నమ్ముకుని బతుకుతున్నవాళ్ళే. పాఠం చదివేటప్పుడు ఆ చేను కూడా గుర్తుంచుకోండి. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది. చేలో తప్పు చేస్తే అమ్మానాన్నల కష్టం పోతుంది.

— మీ హాస్టల్ పాత విద్యార్థులం