ట్రాక్టరు ఆయిలు: మనం మార్చుకోవాలా? మెకానిక్కుకివ్వాలా?

ఆయిలు మార్చడం కూడా ఒక వ్యాసానికి విషయమేనా అని నవ్వే మిత్రులు మన కాలేజీలో ఉన్నారు. నవ్వనీయండి. సేద్యం మీద బతికే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు మాత్రం ఇది నవ్వులాట కాదు. దమ్ముల రోజుల్లో ట్రాక్టరు రోజుకు పది గంటలు తిరుగుతుంది. చాలా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఇంజనాయిలు మార్చమని పుస్తకంలో ఉంటుంది. అంటే 25 రోజులు! సరిగ్గా ఊరంతా నాట్ల మీదున్నప్పుడు, మెకానిక్కు కబురంపినా రానప్పుడు, మీటరు ఆ అంకె దగ్గరకొస్తుంది. "ఇంకో నాలుగు రోజులు లాగిద్దాం లే" అంటారు ఇంట్లో పెద్దలు.

లాగిస్తే ఏమవుతుంది? ఆయిలు అరిగిపోదు, చెడిపోతుంది. వేడికి గాలిలోని ఆక్సిజనుతో కలిసి చిక్కబడుతుంది. డీజిలు కాలగా వచ్చిన మసి అందులో చేరుతుంది. మసిని ముద్దకట్టకుండా పట్టి ఉంచే రసాయనాలు ఖర్చయిపోతాయి. ఆ తర్వాత అరిగేవి బేరింగులు, పిస్టను రింగులు. ఇంకో మాట. ఆయిలు నల్లబడగానే పాడైందనుకోవడం పొరపాటు. డీజిలింజనులో కొత్త ఆయిలు కూడా కొద్ది గంటల్లోనే నల్లబడుతుంది. మసిని తనలో పట్టుకోవడం దాని పనే గదా. కాబట్టి రంగును కాదు, మీటరును నమ్మాలి.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. ఆయిలు, ఫిల్టరు ఎవరు మార్చినా కొనాల్సిందే. మనకు మిగిలేది కూలి ఒక్కటే. పానా, ఫిల్టరు విప్పే పట్టీ, తొట్టె కొంటే మొదటిసారి ఆ కూలి కాస్తా వాటికే పోతుంది. కనుక డబ్బు కోసమైతే ఈ పని పెట్టుకోనక్కర్లేదు. అసలు లాభం రెండు: సీలున్న డబ్బా మన కళ్ళ ముందే విప్పుతాం, పని ఆగకుండా రాత్రిపూట ముగించుకుంటాం.

పని కష్టమేమీ కాదు. ఫిజిక్సు లాబులో ఆముదంలో గుండ్లు వదిలి స్నిగ్ధత కొలిచాం గుర్తుందా? వేడెక్కితే స్నిగ్ధత తగ్గుతుంది. అందుకే ఇంజనును కాసేపు నడిపి, ఆపి, ఆయిలు వెచ్చగా ఉండగానే అడుగు బోల్టు విప్పాలి. మసితో సహా దిగిపోతుంది. చెయ్యి కాలకుండా చూసుకోండి. బోల్టుకు కొత్త వాషరు వెయ్యాలి. బలం ఉంది కదా అని బిగిస్తే మరలు పోతాయి, అప్పుడు మెకానిక్కుకిచ్చే కూలికి పదింతలు ఖర్చు. పైకి బిగించే రకం ఫిల్టరైతే రబ్బరు రింగుకు కాస్త ఆయిలు రాసి చేత్తోనే బిగించాలి. పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలు పోసి, ఒక నిమిషం నడిపి, ఆపి, కొంతసేపాగి గేజి చూడాలి. పై గీత దాటకూడదు. ఎక్కువైతే క్రాంకు తగిలి నురగలొస్తుంది. నురగ దేన్నీ కాపాడదు.

మరి మెకానిక్కు ఎప్పుడు? వారంటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీ షెడ్డుకే తీసుకెళ్ళాలి, సర్వీసు పుస్తకంలో ముద్ర పడాలి. ఆయిలు పాలలా తెల్లబడినా, పొయ్యకుండానే గేజి మీద పెరిగినా లోపలికి నీళ్ళో డీజిలో దిగుతున్నట్టు. అప్పుడు ఆయిలు మార్చి ఊరుకుంటే రోగం దాచినట్టే. పైగా అనుభవమున్న మెకానిక్కు చేతులు పనిలో ఉన్నా చెవి ఇంజను మీదే ఉంటుంది. ఆ చెవి మనకు లేదు. అందుకని నా అభిప్రాయం: వారంటీ దాటాక ఆయిలు, ఫిల్టరు ఇంట్లోనే, ఏడాదికోసారి, తొలకరికి ముందు, షెడ్డుకు.

దిగిన ఆయిలు మాటేమిటి? గట్టు మీద పొయ్యడం, గుంజలకు పూయడం మన పల్లెల్లో అలవాటు. అందులో చర్మానికి, నేలకు చేటు చేసే పదార్థాలుంటాయి. 2016 నాటి నిబంధనలు దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కగట్టాయి. పాత డబ్బాలోకే వంపి మూత బిగించి, డ్రమ్ముల్లో పోగుచేసి శుద్ధికి పంపే షెడ్డులో ఇచ్చి రావాలి. అలా ఇచ్చే ఓపిక లేనివాళ్ళు మెకానిక్కు చేత మార్పించుకోవడమే నయం.

మార్చిన రోజు మీటరు అంకె మడ్‌గార్డు లోపలివైపు రంగుతో రాసుకోండి. కాగితం దమ్ములో నానిపోతుంది.