సభ్యుల వైపు తెర ఆరిపోతే - రిమోట్ మరమ్మతులో రెండు తెరల చిక్కులు

మన ప్రాథమిక పాల సంఘాలలో చాలా చోట్ల ఇప్పుడు పాల సేకరణ కంప్యూటరు ద్వారా జరుగుతున్నది. తూకపు యంత్రం, పాల పరీక్ష యంత్రం, చీటీలు అచ్చు వేసే ప్రింటరు అన్నీ ఒకే కంప్యూటరుకు కలిపి ఉంటాయి. కొన్ని సంఘాలలో ఆ కంప్యూటరుకు రెండు తెరలు అమర్చారు. ఒకటి బల్ల లోపలి వైపు, కార్యదర్శి చూసుకొనేది. రెండవది బయటి వైపు, పాలు పోసే సభ్యుడు చూసుకొనేది. సభ్యుని నంబరు, పాల బరువు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., రావలసిన సొమ్ము ఈ రెండవ తెర మీద పడతాయి. ఎక్కడో కూర్చున్న సాంకేతిక నిపుణుడు "రిమోట్‌లో చూస్తాను" అని మన కంప్యూటరులోకి ప్రవేశించినప్పుడు ఆ తెర ఎందుకు ఆరిపోతుందో, ఎందుకు తారుమారవుతుందో, సంఘం వారు తామే ఏమి సరిచేసుకోవచ్చునో ఈ పాఠంలో తెలియజేస్తాము.

ఇది కార్యదర్శి గొడవ, మాకెందుకు అని సభ్యులు అనుకోరాదు. వెనుకటి రోజుల్లో గెర్బర్ పద్ధతిలో వెన్న పరీక్ష చేసేవారు. బ్యుటిరోమీటరు అనే గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి, సెంట్రిఫ్యూజిలో తిప్పితే వెన్న తేలి గొట్టం మెడలో నిలిచేది. మెడ మీద గీతలుండేవి. చదువు రాని సభ్యుడు కూడా గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, తన గేదె పాల వెన్న ఏ గీత దాకా నిలిచిందో కళ్ళారా చూసుకొనేవాడు. యంత్రాలు వచ్చిన తరువాత ఆ గొట్టం పోయింది. దాని స్థానంలో సభ్యుని కళ్ళెదుట మిగిలింది ఈ తెర.

లెక్క చూడండి. కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. 10 కిలోల పాలలో వెన్న 6.8 శాతమైతే 680 గ్రాములు, 544 రూపాయలు. 6.2 శాతమైతే 620 గ్రాములు, 496 రూపాయలు. ఒక్క పూటకు 48 రూపాయల తేడా. తెర మీద చుక్క తరువాతి అంకెకు ఇంత విలువ ఉన్నది.

బందరు ప్రాంతంలో ఒక సంఘానికి మేము ఒక సాయంత్రం తనిఖీకి వెళ్ళాము. సేకరణ మధ్యలో రెండు తెరలూ మూత పడ్డాయి. "ఏమిటి బాబూ, తెర ఆపేసి రాసుకుంటున్నావా?" అని ఒక పెద్దావిడ కార్యదర్శిని అడిగింది. "లేదు పెద్దమ్మా, బెజవాడ నుంచి కంప్యూటరతను లోపలికి వచ్చాడు. ఆయన పోయిందాకా రాదు" అన్నాడతను. "నేను గుమ్మం దగ్గరే ఉన్నాను, ఎవరూ రాలేదుగా!" అని ఆమె జవాబు. వరుసలో ఉన్నవారు నవ్వారు గానీ ఇద్దరు మాత్రం క్యానులు తీసుకొని వెనక్కి వెళ్ళిపోయారు. ఆ పూట చీటీలు మేము పరీక్షించాము. ఒక్కటీ తప్పు లేదు. అయినా ఆ ఇద్దరి పాలు సంఘానికి రాలేదు.

అక్కడ జరిగినది ఏమిటంటే, నిపుణుడు విండోస్‌తో పాటు వచ్చే "రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్" వాడాడు. మన సంఘాలలో ఉండే మామూలు విండోస్ ఒక సమయంలో ఒక్కరినే కూర్చోనిస్తుంది. దూరం నుంచి ఒకరు లోపలికి రాగానే ఇక్కడి తెరలు తాళం పడి, పేరు, పాస్‌వర్డు అడిగే పటం మాత్రమే చూపిస్తాయి. ప్రోగ్రాం ఆగదు, లెక్కలు చెరిగిపోవు. తెర మాత్రమే మనకు మూసుకొంటుంది. అది యంత్రం చెడిపోవడం కాదు గనుక వైర్లు పీకి మళ్ళీ పెట్టినందువల్ల ప్రయోజనం లేదు. కార్యదర్శి ఇక్కడ పాస్‌వర్డు కొట్టి తెర తీస్తే అక్కడి నిపుణుడు బయటకు పోతాడు. ఇద్దరూ ఒకరినొకరు తోసుకొంటూ అరగంట గడిపిన చోట్లు కూడా చూశాము.

ఈ పద్ధతిలో మరొక మెలిక ఉన్నది. చాలామంది నిపుణులు కూడా దీనిని సరిగా పట్టించుకోరు. ఈ కనెక్షన్‌లో లెక్కకు వచ్చేది మన తెరల సంఖ్య కాదు, ఆయన తెరల సంఖ్య. ఆయన ఒకే తెర ఉన్న ల్యాప్‌టాప్ మీద ఉంటే, మన కంప్యూటరు తనకు ఒకే తెర ఉన్నదనుకొని, సభ్యుల వైపు ఉండవలసిన పటాన్ని కూడా లాక్కొచ్చి ఆ ఒక్క తెర మీద పడేస్తుంది. ఆయన దగ్గర రెండు తెరలుండి, డిస్‌ప్లే పుటలో "యూజ్ ఆల్ మై మానిటర్స్" అనే గడిలో టిక్కు పెడితే రెండింటి మీదా కనిపిస్తుంది. ఇది 2009లో విండోస్ 7తో వచ్చిన సదుపాయం. అయితే ఆ టిక్కు పెట్టినా మన బల్ల మీది తెర వెలగదు. రెండు తెరలూ ఆయన గదిలోనే వెలుగుతాయి.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, వి.ఎన్.సి. వంటివి వేరే తరహావి. ఇవి మన తెర మీద ఉన్నదానినే దూరానికి చూపిస్తాయి. మన తెరలు వెలుగుతూనే ఉంటాయి, మౌసు గుర్తు తనంతట తాను కదులుతూ ఉంటుంది. కనుక సేకరణ వేళ తప్పనిసరిగా మరమ్మతు చేయవలసి వస్తే ఈ తరహాదే వాడమని మా సలహా. ఇందులోనూ "ప్రైవసీ మోడ్" లేదా "బ్లాక్ స్క్రీన్" అనే మీట నొక్కితే మన వైపు తెరలు నల్లబడతాయి. బ్యాంకుల వంటి చోట్ల అది అవసరం కావచ్చు. పాల సంఘంలో, పాలు పోసే వేళ, దానికి పని లేదు. నొక్కవద్దని ముందే చెప్పాలి.

నిపుణుడు "మీ రెండవ తెర నాకు కనిపించడం లేదు" అన్నప్పుడు ఆయన వైపు పై పట్టీలో తెరలు మార్చే గుర్తు ఉన్నదేమో చూడమనండి. సాధారణంగా ఒక్కొక్క తెర విడివిడిగా చూపబడుతుంది. ఆ గుర్తే లేకపోతే మన కంప్యూటరుకే రెండవ తెర అందడం లేదన్నమాట. అప్పుడు వెతకవలసినది ఇక్కడ.

మొదట తెర కింది దీపం చూడండి. దీపమే లేకపోతే కరెంటు చూసుకోవాలి. కొన్ని సంఘాలలో మానిటరుకు బదులు చిన్న టి.వి. పెట్టారు. కరెంటు పోయి వచ్చినప్పుడు అది వేరే మార్గానికి మారిపోయి "నో సిగ్నల్" అంటుంది. టి.వి. రిమోట్‌లో సోర్స్ మీట నొక్కి, వైరు పెట్టిన మార్గాన్ని ఎంచుకొంటే చాలు. అది సరిగా ఉంటే, విండోస్ మీటను, పి అక్షరాన్ని కలిపి నొక్కండి. నాలుగు మాటలు వస్తాయి: పీసీ స్క్రీన్ ఓన్లీ, డూప్లికేట్, ఎక్స్‌టెండ్, సెకండ్ స్క్రీన్ ఓన్లీ. మనకు కావలసినది ఎక్స్‌టెండ్. డూప్లికేట్ పెడితే కార్యదర్శి చూసేదంతా, అందరి ఖాతాలతో సహా, బయటి తెర మీద పడుతుంది. అది కూడా మంచిది కాదు.

గిలకలదిండి వంటి రేవు పక్క ఊళ్ళలో మరొక కారణం ఉన్నది. ఉప్పుగాలి. బోటు బ్యాటరీ కొసలకు పట్టే పచ్చ చిలుము ఆ ఊరి వారికి కొత్త కాదు. అదే చిలుము తెర వైరు మూతిలోని సూదులకూ పడుతుంది. పాత తరహా వి.జి.ఎ. మూతిలో మూడు వరుసల్లో 15 సూదులకు చోటుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ వేరువేరు సూదుల గుండా వస్తాయి. తెల్లగా ఉండవలసిన తెర పసుపు రంగుకు తిరిగితే నీలం తెచ్చే సూది అందడం లేదని అర్థం. తెర అప్పుడప్పుడు ఆరి వెలుగుతుంటే మూతి వదులై ఉండవచ్చు. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, మూతి విప్పి చూడండి. కత్తితో గీకరాదు, నీళ్ళు తగలరాదు. ఎలక్ట్రానిక్ దుకాణాలలో దొరికే కాంటాక్ట్ క్లీనరు చల్లి, బాగా ఆరిన తరువాత రెండు మరలూ బిగించాలి. తప్పు తెరదో వైరుదో తేలకపోతే, పని చేసే తెర వైరు తీసి పని చేయని తెరకు పెట్టి చూడండి. అప్పుడు వెలిగితే వైరు గానీ, అది పెట్టిన రంధ్రం గానీ పోయింది. వెలగకపోతే తెర పోయింది. ఇంతకు మించిన పరీక్ష నిపుణునికీ తెలియదు!

మరమ్మతు అయిపోయింది, రెండు తెరలూ వెలిగాయి, కానీ సభ్యుల పటం మాత్రం ఎక్కడా లేదు. ఇది తరచుగా వచ్చే ఫిర్యాదు. కొన్ని ప్రోగ్రాములు తమ పటం చివరిసారి ఎక్కడ ఉన్నదో గుర్తు పెట్టుకొంటాయి. తెరల వరుస మారితే, ఇప్పుడు తెర లేని చోట పటం గీస్తాయి. గోడ లేని చోట క్యాలెండరు తగిలించినట్లు. పటం ఉన్నది, కనిపించదంతే. ఆల్ట్, ట్యాబ్ మీటలతో ఆ పటాన్ని ఎంచుకొని, విండోస్, షిఫ్ట్ మీటలు నొక్కి ఉంచి కుడి లేదా ఎడమ బాణం నొక్కితే అది పక్క తెరకు దూకుతుంది. అప్పటికీ రాకపోతే ఆల్ట్, స్పేస్ నొక్కి, ఎం అక్షరం కొట్టి, ఒక బాణం మీట ఒకసారి నొక్కి, మౌసు కదిపితే పటం మౌసు వెంట వస్తుంది. ఎం పని చేయకపోతే పటం పూర్తి పరిమాణంలో ఉన్నదని. అప్పుడు ముందుగా ఆల్ట్, స్పేస్, ఆర్ కొట్టాలి. దూరం నుంచి నిపుణుడు ఇవే మీటలు నొక్కితే కొన్నిసార్లు ఆయన సొంత పటాలు కదులుతాయి. రిమోట్ డెస్క్‌టాప్‌లో పూర్తి తెరకు మారితేనే విండోస్ మీట మామూలుగా మన కంప్యూటరుకు చేరుతుంది. అందుచేత ఈ పని ఇక్కడి కార్యదర్శి చేయడమే తేలిక.

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసిన లోపం చూడడానికి చిన్నది. అంకెలు అంచున తెగిపోవడం. రెండు తెరల పరిమాణాలు వేరై, స్కేలు ఒకటి 100, ఒకటి 150 ఉంటే కొన్ని పాత ప్రోగ్రాములలో అక్షరాలు మసకబారుతాయి, లేదా గడి దాటిపోతాయి. 6.8 అనే చోట 6 మాత్రమే కనిపిస్తే సభ్యుడు ఏమనుకోవాలి? డిస్‌ప్లే సెట్టింగులలో రెండింటికీ స్కేలు 100 పెట్టి, ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్ళీ తెరవండి. ఆ తరువాత ఒక పాత చీటీ పక్కన పెట్టుకొని, గడులన్నీ చివరి అంకె వరకు కనిపిస్తున్నాయో లేదో చూడాలి.

పాలకవర్గాలు ఒక తీర్మానం చేసుకొంటే మంచిదని మా అభిప్రాయం. ఉదయపు సేకరణ ముగిసిన తరువాత, సాయంత్రపు సేకరణ మొదలు కాక ముందు మాత్రమే రిమోట్ మరమ్మతు. తప్పనిసరై సేకరణ వేళ చేయవలసి వస్తే, తెర ఆరిపోతుందని వరుసలో ఉన్నవారికి ముందు చెప్పాలి. పరీక్ష యంత్రం మీద కూడా చిన్న తెర ఉంటుంది. దానిని సభ్యుల వైపు తిప్పి, ఆ అంకెను కార్యదర్శి పైకి చదవాలి. చీటీ చేతికి ఇవ్వకుండా తరువాతి క్యాను తీసుకోరాదు. మన సంఘం 1964 చట్టం కింద నమోదైనా, 1995 చట్టం కింద నమోదైనా సభ్యుడే యజమాని. యజమాని అడిగితే చిరాకు పడకూడదు.

లోపలికి రానిచ్చే సంఖ్యను టెలిఫోనులో అడిగిన ప్రతివారికీ చెప్పవద్దు. ఫోను వచ్చిన చోట పెట్టేసి, మన దగ్గర రాసి ఉన్న నంబరుకు మనమే తిరిగి చేసి, మనిషి ఎవరో తేల్చుకొన్నాక ఇవ్వాలి. సభ్యుల బ్యాంకు ఖాతాల నంబర్లు ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చేందుకు శాశ్వత పాస్‌వర్డు పెట్టమని అడిగితే పాలకవర్గం అనుమతి లేనిదే పెట్టరాదు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 ద్వారాన్ని ఇంటర్నెట్టుకు నేరుగా తెరిచి ఉంచనే కూడదు. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, ఇంకా దానినే వాడుతున్న సంఘాలు ఈ విషయంలో మరింత జాగ్రత్త పడాలి.

నిపుణుడు బయటకు వెళ్ళిన తరువాత ఇక్కడి తెర దానంతట తెరుచుకోదు, పాస్‌వర్డు అడుగుతుంది. ఆ పాస్‌వర్డు కార్యదర్శికి ఒక్కరికే తెలిసి, ఆయన సెలవులో ఉంటే సాయంత్రం సేకరణ నిలిచిపోతుంది. దానిని కవరులో పెట్టి, సీలు వేసి, అధ్యక్షుని వద్ద ఉంచండి. పాల రిజిస్టరు చివరి పుటలో నాలుగు గళ్ళు గీసి, రిమోట్‌లో వచ్చినవారి పేరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, చేసిన పని రాయించండి. తనిఖీకి వచ్చినప్పుడు ఆ పుటను మేము అడుగుతాము.