ఎల్లలెరుగని ఊట

నది రెండు దేశాల మధ్య ప్రవహిస్తే ఆ సంగతి అందరి కంటికీ కనిపిస్తుంది. ఎగువవారు ఆనకట్ట కడితే దిగువవారు వెంటనే ప్రశ్నిస్తారు. భూగర్భజలం తీరు వేరు. ఇసుక, గులకరాళ్ల పొరల సందుల్లో నిండి మెల్లగా కదిలే ఆ నీరు ఏ దేశపు వానకు పుట్టిందో, ఏ దేశపు బావిలో తేలుతుందో నేలపై నిలిచి చూసేవారికి అంతుపట్టదు. ఒక రైతు లోతుగా బోరు వేస్తే పొరుగువాని బావి ఎండిపోవడం తెలుగునాట కొత్త కథ కాదు. ఆ ఇద్దరి నడుమ పొలంగట్టుకు బదులు దేశ సరిహద్దు ఉంటే తగవు తీర్చే పెద్ద ఎవరు? అంతర్జాతీయ న్యాయం చాలాకాలం ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు.

దీనికి తొలినాళ్లలోనే సమాధానం వెదికినవారు స్విట్జర్లాండులోని జెనీవావాసులు, వారి పొరుగున ఉన్న ఫ్రాన్సు ప్రజలు. వారి కాళ్ల కింద ఉన్నది ఒకే భూగర్భ జలాశయం. 1960 తరువాత ఇరువైపులా మోటార్లు ఎడాపెడా నీటిని తోడాయి. 1971లో తోడిన నీరు దాదాపు 1 కోటి 40 లక్షల ఘనపు మీటర్లు. అది ఆ పొర ఏటా ఇవ్వగలిగిన దానికి ఇంచుమించు రెట్టింపు. రెండు దశాబ్దాలలో నీటిమట్టం 7 మీటర్లకు పైగా పడిపోయింది. ఆర్వ్ నది నీటిని శుద్ధి చేసి, భూమిలో పాతిన చిల్లుల గొట్టాల ద్వారా లోనికి ఇంకించాలని జెనీవా ప్రభుత్వం తలపెట్టింది. అయితే నింపేవారు ఒకరు, తోడుకొనేవారు ఇద్దరు! ఖర్చు ఎవరు భరించాలి?

1978లో కుదిరిన ఒప్పందం ఈ చిక్కును విడదీసింది. సంతకాలు చేసినది దేశాల రాజధానులు కావు. జెనీవా రాష్ట్ర ప్రభుత్వం, ఫ్రాన్సు పక్షాన ఓత్-సవోయ్ జిల్లా అధికారి. ఇరుపక్షాల నుండి ముగ్గురేసి సభ్యులతో ఒక సంఘం ఏర్పడింది. నీరు తోడే ప్రతిచోటా మీటరు ఉండాలన్నారు. ఫ్రాన్సువారు ఏటా 50 లక్షల ఘనపు మీటర్ల వరకు తోడుకోవచ్చు. అందులో 20 లక్షలకు రుసుము లేదు. తక్కిన దానికి నీరు ఇంకించే ఖర్చులో వంతు చెల్లించాలి. నీరు ఎవరి సొత్తు అన్న వాదంకన్నా ఎవరు ఎంత తోడుతున్నారన్న లెక్కకే ఇక్కడ విలువ దక్కింది. ఒప్పందం నిలబడటానికి అదే ముఖ్యకారణమనిపిస్తుంది. 1980లో నీటిని ఇంకించే కేంద్రం పని ప్రారంభించగా మట్టం మళ్లీ పెరిగింది. ముప్పై ఏళ్ల గడువు తీరాక 2008 నుండి కొత్త ఒప్పందం అమలులోకి వచ్చింది.

ప్రపంచ స్థాయిలో పని ఇంత సులువుగా సాగలేదు. నదీజలాలపై ఐక్యరాజ్యసమితి 1997లో చేసిన ఒడంబడిక నదులతో సంబంధమున్న భూగర్భజలానికే వర్తిస్తుంది. ఏ నదితోనూ కలవని పాతాళజలం దాని పరిధిలోకి రాదు. ఆ లోటు తీర్చడానికి అంతర్జాతీయ న్యాయ కమిషన్, జపాను దేశీయుడైన చూసే యమాడా నివేదికల ఆధారంగా, 2008లో 19 ముసాయిదా సూత్రాలను రూపొందించింది. సమంజసమైన వినియోగం, పొరుగుదేశానికి గణనీయమైన హాని చేయకపోవడం, సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకోవడం, నీరు ఇంకే ప్రదేశాలను కాలుష్యం నుండి కాపాడటం వాటిలో ప్రధానమైనవి. వీటితోపాటు, తన భూభాగంలోని జలాశయ భాగంపై ప్రతి దేశానికీ సార్వభౌమాధికారం ఉన్నదని మూడవ సూత్రం చెబుతున్నది. కదిలే నీటికి కదలని హద్దు గీయడం ఎట్లా అని పలువురు న్యాయకోవిదులు ఆక్షేపించారు. ఆ ముసాయిదా దేశాలను కట్టడి చేసే ఒడంబడికగా ఇంకా మారలేదు.

అర్జెంటీనా, బ్రెజిల్, పరాగ్వే, ఉరుగ్వే దేశాలు తమ కింద విస్తరించిన గ్వారానీ జలాశయంపై 2010లో ఒప్పందం చేసుకున్నాయి. నాలుగు దేశాల ఆమోదం పూర్తయి అది అమలుకు వచ్చేసరికి 2020 అయింది.

జోర్డాన్, సౌదీ అరేబియాల సమస్య మరింత కఠినమైనది. వాటి ఎడారి కింద ఉన్న డిసీ జలం వేల ఏళ్లనాటి వానల మిగులు. తోడినంత తిరిగి చేరదు. అందుచేత 2015 నాటి ఒప్పందంలో ఆ దేశాలు సరిహద్దుకు ఇరువైపులా కొంత నేలను రక్షిత ప్రాంతంగా ఏర్పరచి, అక్కడ ఆ నీటిపై ఆధారపడిన పనులన్నీ ఐదేళ్లలో నిలిపివేయాలని నిర్ణయించాయి. దాని చుట్టుపక్కల మరికొంత ప్రాంతంలో నీటిని జనావాసాల అవసరాలకే పరిమితం చేశాయి. ఈ జలాశయపు నీరే 2013 నుండి 300 కిలోమీటర్లకు పైగా గొట్టాల మార్గంలో సాగి జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు చేరుతున్నది.